గుగ్గిలం బొట్టు

తెనాలిలో వెంకటసుబ్బయ్య శాస్త్రిగారు ఎక్కడుంటారని అడిగితే ఎవరూ చెప్పలేరు. బళ్ళ శాస్త్రిగారని అడిగితే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కాలవ గట్టు మీది ఆంజనేయస్వామి గుడి ముందు నిలబెడతారు. కొత్త స్కూటరు కొన్నవాడి దగ్గర్నుంచి పదహారు చక్రాల లారీ కొన్నవాడి దాకా ముందు ఆయన దగ్గరికే వస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆయన బొట్టు పెట్టాకే బండి రోడ్డెక్కుతుంది. పాతికేళ్ళుగా ఇదే వరస.

ఊళ్ళో పూజారులు లేకనా? ఉన్నారు, బోలెడంతమంది. కానీ శాస్త్రిగారి హస్తవాసి వేరని పేరు. ఆయన బొట్టు పెట్టిన బండి దారిలో ఆగదని రేపల్లె దాకా, ఆ పైన చీరాల దాకా పాకింది. పేరొచ్చిన మనిషికి ఆ పేరు నిలబెట్టుకోవడం తప్ప వేరే పనుండదు కదా, శాస్త్రిగారూ అంతే. నిద్రలో కూడా ఆయన తన పేరుకి విసనకర్రతో విసురుతూనే ఉంటారని ఆయన భార్య శకుంతల అంటుంది.

ఆ పేరులో సగం బొట్టుది. మిగతావాళ్ళు పెట్టే బొట్టు మొదటి వానకే కారిపోతుంది. శాస్త్రిగారి బొట్టు అలా కాదు. ఎండకి ఎండదు, వానకి తడవదు, మళ్ళీ దసరా దాకా నిన్న పెట్టినట్టే ఉంటుంది. దానికో రహస్యం ఉంది. గంధం, పసుపు, కుంకుమలో ధూపానికి వాడే గుగ్గిలం పొడి కలిపి, ఆముదంలో వేడిచేసి, ముద్దగా ఉన్నప్పుడే పెడతారు. ఇది ఆయన సొంతంగా కనిపెట్టినది, శకుంతలకి తప్ప ఇంకెవరికీ తెలియదు. బానెట్టు మీద ఒక ముద్ద, స్టీరింగుకి ఒకటి, తలుపుల హ్యాండిళ్ళ లోపల వేళ్ళు పెట్టే గుంటలో ఒక్కొక్కటి. అక్కడెందుకంటే, మనిషి చెయ్యి ముందు పడేది అక్కడేనట, శుభం కూడా అక్కడి నుంచే మొదలవ్వాలట. వినడానికి ఎంత బాగుందో చూడండి.

శాస్త్రిగారికి సొంత కారుంది. ఎనభై ఎనిమిది మోడల్ చిన్న కారు, చీరాల బట్టల వ్యాపారి ఒకాయన వాడి వాడి వదిలేస్తే కొనుక్కున్నారు. ఊరందరి బళ్ళకీ ఏడాదికోసారి పెట్టే బొట్టు తన కారుకి ప్రతి మంగళవారం పెట్టుకున్నారు. తన చెయ్యి, తన గుగ్గిలం, అడిగేవాడెవడు?

రెండువేల ఆరులో, దసరా ఇంకో నెల ఉందనగా, ఒక పొద్దున ఆయన కారెక్కబోతే డ్రైవరు వైపు తలుపు హ్యాండిలు పైకి లేవలేదు. లాగారు. రెండు చేతులతో లాగారు. కాలు తలుపుకి తన్నిపెట్టి లాగారు. గోరు విరిగింది గాని హ్యాండిలు కదల్లేదు.

మొదట దీపపు నూనె పోశారు. తరువాత ఆముదం పోశారు. ఆ తరువాత ఆంజనేయస్వామికి వడమాల మొక్కుకున్నారు. స్వామి వడల సంగతి విన్నట్టే ఉన్నాడు గాని తలుపు సంగతి పట్టించుకోలేదు.

"మెకానిక్కుకి చూపించండి. దానికింత గొడవెందుకు?" అంది శకుంతల.

"నీకేం, ఎన్నైనా చెప్తావు. తెనాలిలో మెకానిక్కులందరూ నాకు తెలిసినవాళ్ళే. బళ్ళ శాస్త్రి బండికే తలుపు రావట్లేదంటే రేపు నా మొహం చూసేదెవరు? సాయంత్రానికి ఊరంతా టముకు వేస్తారు."

అద్దంలోంచి చెయ్యి దూర్చి లోపలి గడియ తీస్తే తలుపు చెడిందని చూసినవాడికల్లా తెలిసిపోతుంది. అందుకని ఆయన ఎడమవైపు నుంచి ఎక్కడం మొదలుపెట్టారు. అదేమంత సుఖమైన పని కాదు. ఆయనది కొంచెం భారీ విగ్రహం. పంచె ఎగగట్టి, ఉత్తరీయం మెడకి చుట్టుకుని, గేరు రాడ్డు మీదుగా ఒక కాలు వేసి, రెండో కాలు లాక్కుంటూ డ్రైవరు సీట్లో పడేసరికి తల ప్రాణం తోకకి వచ్చేది. ఓసారి అలా పాకుతుండగా హారను మీద మోచెయ్యి పడి, గుళ్ళో ప్రదక్షిణం చేస్తున్న ఆడవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు.

"అదేంటండీ శాస్త్రిగారూ, అటునుంచి ఎక్కుతున్నారు?" అని ఒక లారీ ఓనరు అడగనే అడిగాడు.

శాస్త్రిగారు ఊపిరి పీల్చుకుంటూనే, "వామభాగం అమ్మవారిది నాయనా. అటునుంచి ఎక్కితే ప్రయాణం క్షేమం," అనేశారు.

నోట్లోంచి ఊడిపడిన మాట అంతే. వారం తిరగకుండా తెనాలిలో ముగ్గురు లారీ డ్రైవర్లు ఎడమవైపు నుంచి ఎక్కడం మొదలుపెట్టారు. ఒకాయన కారులో అలాగే ఎక్కబోయి నడుము పట్టేసి మంచమెక్కాడు. ఇది తెలిసి శాస్త్రిగారు సిగ్గుపడాల్సింది. ఆయన మాత్రం కాస్త గర్వపడ్డారు, ఆ మాట దాచడం ఎందుకు.

కథ ఇంతటితో ఆగిపోయేదే. కానీ రేపల్లె నుంచి శివరామయ్యగారి ఫోను వచ్చింది. శివరామయ్య రేపల్లెలో పెద్ద రైతు, బియ్యం మిల్లు కూడా ఉంది. కొత్త కారు కొన్నాడట. శుక్రవారం ఉదయం తొమ్మిదీ ముప్పైకి ముహూర్తం, ఇంటి దగ్గరే పూజ, ఊళ్ళో పెద్దవాళ్ళందరూ వస్తున్నారు. "మీరు మీ కారులోనే రావాలండి శాస్త్రిగారూ. మీరు మీ కారులోంచి దిగితే ఆ కళే వేరు," అన్నాడు.

ఫోను పెట్టేసి శాస్త్రిగారు కుర్చీలో కూలబడ్డారు. దిగడానికి ఇబ్బంది లేదు, లోపలి నుంచి తలుపు వస్తుంది. కానీ తిరిగి బయల్దేరేటప్పుడు? ఊరి పెద్దలందరూ సాగనంపుతుంటే వాళ్ళ కళ్ళ ముందు ఎడమవైపు నుంచి వెనకభాగం పైకెత్తి పాకాలా? పాతికేళ్ళ పేరు రేపల్లె మురుక్కాలవలో కలిసిపోదూ?

"అయితే బాపట్ల వెళ్ళండి," అంది శకుంతల, చింతపండు పిసుకుతూ. "అక్కడ మిమ్మల్ని ఎవరెరుగుదురు?"

"ఈ పిలకా, ఈ పంచే చూస్తే చాలదూ? ఏ వూరివాడైనా ఆరా తీస్తాడు."

శకుంతల లేచి పెట్టె తీసింది. ఆవిడ తమ్ముడు కిందటి వేసవిలో వచ్చినప్పుడు మర్చిపోయిన ప్యాంటూ చొక్కా ఉన్నాయి. పురుగుమందుల కంపెనీవాళ్ళు పంచిన టోపీ ఒకటుంది. పదో తరగతి పరీక్షల తరువాత శాస్త్రిగారు మళ్ళీ ప్యాంటు తొడగడం అదే. నడుము దగ్గర గుండీ అందలేదు. మొలతాడు మీద భారం వేసి, పైన చొక్కా వదిలేశారు. పిలక టోపీలో దూర్చారు. అద్దంలో చూసుకుంటే ఎవరో అప్పుల వసూళ్ళకి వచ్చిన మనిషిలా ఉన్నారు. శకుంతల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

గురువారం పొద్దున్నే పొన్నూరు మీదుగా బాపట్ల చేరారు. స్టేషను రోడ్డులో ఒక సోడాబండివాణ్ణి అడిగితే, "హ్యాండిలా? తాళాల రంగమ్మ దగ్గరికెళ్ళండి సార్. మగ మెకానిక్కులు పగలగొడతారు. ఆమె విప్పుతుంది," అన్నాడు.

రంగమ్మ పట్టా పందిరి కింద ముక్కాలిపీట మీద కూర్చుని బీరువా తాళం ఆకురాయితో గీస్తోంది. యాభై దాటిన మనిషి. మొగుడు తాళాలు బాగుచేసేవాడట, అతని చూపు మందగించాక పనంతా ఈమె మీద పడింది. తాళాల నుంచి కార్ల హ్యాండిళ్ళకి ఎప్పుడు ఎదిగిందో ఎవరికీ గుర్తు లేదు. ఆమె శాస్త్రిగారిని పైనించి కింది దాకా చూసి, ప్యాంటు దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఏంటి సార్ కంప్లైంటు?" అంది.

"హ్యాండిలు లేవట్లేదమ్మా. బయటి నుంచి తలుపు రాదు."

"లోపల్నుంచి?"

"వస్తుంది."

"అయితే తాళం బాగానే ఉంది. హ్యాండిలే బిగుసుకుంది. కూర్చోండి."

ఆమె ఎడమవైపు నుంచి లోపలికి పాకి తలుపు తెరిచింది. ఆ పాకడం ఎంత సులువుగా చేసిందో చూసి శాస్త్రిగారికి అసూయ కలిగింది. గుడ్డముక్కతో లాగి అద్దం దించే పిడి ఊడదీసింది. స్క్రూలు తీసి, తలుపు లోపలి అట్ట అంచు పట్టుకుని టపటపా విడదీసింది. ఆ వెనక ప్లాస్టిక్ కాగితం పక్కకి తొలగించి, లోపల చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే రెండు నట్లు విప్పింది. ఇదంతా చేస్తూనే కూతురు కాన్పు సంగతీ, బాపట్లలో నీళ్ళ పంపుల సంగతీ చెప్పింది. ఆఖరికి హ్యాండిలు ఊడొచ్చింది. దాన్ని తిప్పి చూసి ఆమె మాట ఆపేసింది.

"మీదీ ఇదేనా సార్!"

హ్యాండిలు వెనకాల, ఇరుసులోనూ స్ప్రింగులోనూ, ఎర్రగా పసుప్పచ్చగా రాయిలాంటిది గడ్డకట్టి ఉంది. రంగమ్మ స్క్రూడ్రైవరుతో పొడిచింది, పెచ్చు లేవలేదు. కిరోసిను పోసింది, చెక్కు చెదరలేదు. ఒక రవ్వ గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"గుగ్గిలం! మా నాయన నిజాంపట్నంలో పడవలు చేసేవాడు సార్. చెక్కల సందుల్లో నీళ్ళు రాకుండా ఇదే కాచి పెట్టేవాడు. ఇది పడితే సముద్రం కూడా లోపలికి రాలేదు. దీన్ని కారు హ్యాండిలుకి పెట్టినవాడెవడు?"

శాస్త్రిగారు టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నారు.

"ఈ ఏడాది ఇది తొమ్మిదో కారు సార్. అన్నిటికీ ఇదే జబ్బు. ఇన్నాళ్ళూ ఏదో లక్కనుకుని ఆకురాయితో గీకి తీశా, అదేంటో ఇవాళే తెలిసింది. తెనాలిలో ఎవరో బళ్ళ శాస్త్రంట. ఆయన బొట్టు పెట్టిన బండి దారిలో ఆగదంట. ఎందుకాగుద్ది సార్? అసలు ఎక్కితేగా బయల్దేరేది!"

తన మాటకి తనే పకపకా నవ్వి, ఆమె పక్కనే రంగులు వేస్తున్న పెయింటరు దగ్గర టర్పెంటైను అడిగి తెచ్చింది. డబ్బాలో పోసి హ్యాండిలు నానబెట్టి, సైకిలు చువ్వతో పొడుస్తూ కూర్చుంది. పావుగంటకి ముద్ద కరిగి, మెత్తబడి, బొటనవేలంత ముక్క ఊడింది. దాన్ని విసురుగా పక్క కాలవలోకి విసరబోయింది.

"అమ్మా, కాలవలో వద్దు! కుంకుమ తల్లీ!" అని శాస్త్రిగారు రెండు చేతులూ చాచి ముందుకి దూకారు. ముక్క దోసిట్లో పడింది. టోపీ కింద పడింది. పిలక భుజం మీదికి జారింది. అలవాటు చొప్పున ఆయన ఆ ముక్కని కళ్ళకి అద్దుకున్నారు కూడా.

రంగమ్మ పిలక వంక చూసింది. దోసిలి వంక చూసింది. మొలతాడు పట్టు తప్పుతున్న ప్యాంటు వంక చూసింది.

"మీరేనా?" అంది.

"నేనేనమ్మా," అన్నారు శాస్త్రిగారు. అబద్ధం చెప్పడానికి ఆయన దగ్గర ఇంకేం మిగల్లేదు.

రంగమ్మ నవ్వుతుందనుకున్నారు. ఆమె నవ్వలేదు. స్ప్రింగు శుభ్రంగా తుడిచి, చుక్క నూనె వేసి, హ్యాండిలు యథాస్థానంలో బిగించింది. అట్ట పెట్టింది. బయటికొచ్చి ఒక్క వేలితో హ్యాండిలు ఎత్తింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పాత కారు కొత్త పెళ్ళికూతురిలా ఒదిగిపోయింది.

"పంతులుగారూ, ఒక మాట చెప్తాను, తప్పు పట్టుకోకండి," అందామె. "నా దగ్గరికొచ్చినవి తొమ్మిది. రానివి ఎన్నున్నయ్యో? మీరు పెట్టారు గనక తియ్యకూడదేమోనని ఊరుకున్నోళ్ళు ఎంతమందో? వాళ్ళకి మీరే చెప్పాలి."

"చెప్తానమ్మా," అన్నారు శాస్త్రిగారు.

దారి పొడుగునా ఆయన వేసుకున్న లెక్క వేరు. ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇకమీదట గుగ్గిలం మానేస్తే సరి. పాతవాటి సంగతి రంగమ్మ చూసుకుంటుంది, ఆమె నోరు తెనాలి దాకా రాదు. పేరుకి పేరూ దక్కుతుంది, తలుపులకి తలుపులూ తెరుచుకుంటాయి. పొన్నూరులో ఆగి పెసరట్టు తిన్నారు. మనసు ఎంత తేలికపడిందంటే, ఇంకోటి కూడా తిన్నారు.

శుక్రవారం ఉదయం పట్టుపంచె, కండువా, మెడలో రుద్రాక్షలతో శాస్త్రిగారి కారు రేపల్లెలో శివరామయ్య వాకిట్లో ఆగింది. ఆయన డ్రైవరు వైపు తలుపు తీసుకుని దిగారు. దిగి, ఊరికే, మళ్ళీ బయటి నుంచి ఒకసారి తెరిచి వేశారు. నలభైమంది జనం చూశారు. ఎవరికీ అందులో గొప్పేమిటో తెలియలేదు గాని ఆయనకి కడుపు నిండిపోయింది.

కొత్త కారు పందిట్లో ధగధగలాడుతోంది. దాని పక్కనే శివరామయ్య పాత కారుంది. అది కూడా శాస్త్రిగారి కారు లాంటిదే. ఆరేళ్ళ కిందట దానికి బొట్టు పెట్టింది ఈయనే. ఎడమ తలుపు హ్యాండిలులో ఆనాటి ముద్ద పగడంలా మెరుస్తోంది. శాస్త్రిగారు చూపు తిప్పేసుకున్నారు.

శివరామయ్య మాత్రం తిప్పుకోనివ్వలేదు. జనం వైపు తిరిగి గొంతెత్తాడు. "శాస్త్రిగారి మహిమ మీకు తెలుసో లేదో! ఆరేళ్ళ కిందట ఆయన బొట్టు పెట్టాక ఈ తలుపు దానంతటదే మూసుకుపోయింది. ఓ రోజు స్టేషను దగ్గర కారు పెడితే దొంగ వెధవ ఈ తలుపుతో కుస్తీ పట్టాడు. వచ్చిందా? రాలేదు! స్క్రూడ్రైవరు పారేసి పరుగు పెట్టాడు. ఆ స్క్రూడ్రైవరు మా పూజగదిలో ఉంది, కావాలంటే చూడండి. స్వామి కట్టేసిన తలుపు. ఆనాటి నుంచి లోపల్నుంచి కూడా నేను ఎవర్నీ తియ్యనివ్వలా."

జనంలో కొందరు పాత కారుకి దణ్ణం పెట్టారు. శాస్త్రిగారి గుండెలో రాయి పడింది. ఆ రాయి మీద కాస్త తేనె కూడా పూసి ఉందని ఒప్పుకోవాలి. పేరు మాయడం మాట దేవుడెరుగు, పూజగదికి ఎక్కి కూర్చుంది.

"అందుకని శాస్త్రిగారూ, కొత్తదానికి నాలుగు తలుపులకీ రెండేసి ముద్దలు పెట్టండి," అన్నాడు శివరామయ్య. "ఎడమదానికి మూడు."

శాస్త్రిగారు పళ్ళెం సర్దుకునే నెపంతో తల వంచుకున్నారు. గుగ్గిలం తేలేదు. తేలేదని చెప్పాలి, ఎందుకు తేలేదో చెప్పకూడదు. ఈ రెండింటి మధ్య ఆయన ఇరుక్కుని ఉండగా ఒకావిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని దగ్గరికి వచ్చింది. శివరామయ్య భార్య అంకమ్మ. కుడి మోకాలు వంగదు, కాలు ఈడుస్తూ నడుస్తోంది. గ్లాసు అందిస్తూ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"శాస్త్రిగారూ, తప్పయితే క్షమించండి. ఎడమ తలుపుకి కట్టు కాస్త తక్కువ వెయ్యడం కుదరదా అండి? చెయ్యి పట్టేంత?"

"ఎందుకమ్మా?"

"నేను కూర్చోవాల్సింది అక్కడేనండి. పాత కారులో వెనక సీటు తీసేసి ఎరువుల బస్తాలు వేస్తారు. ముందు కూర్చుందామంటే తలుపు స్వామి కట్టేశాడు. ఆయన వైపు నుంచి ఎక్కి పాకమంటారు. ఈ మోకాలితో నేను పాకలేను. ఆరేళ్ళ నుంచి ఆయన కారులో వెళ్తే నేను బస్సులో వెళ్తున్నానండి."

ఆవిడ అక్కడితో ఆపేసినా బాగుండేది. ఆపలేదు.

"మా చెల్లెలు కాలం చేసింది. దాని కూతురి పెళ్ళి పెళ్ళికొడుకువాళ్ళ ఊళ్ళో, పిట్టలవానిపాలెంలో. కన్యాదానం మేమే చెయ్యాలి. ఆయన సామానేసుకుని కారులో ముందెళ్ళారు. నేను చెరుకుపల్లిలో బస్సు మారాలి. ఆ బస్సు రాలేదు. ముహూర్తం ఆగదు కదండీ? నేను వెళ్ళేసరికి పీటల మీద వేరేవాళ్ళని కూర్చోబెట్టి కానిచ్చేశారు. దేవుడి పని, ఎవర్ని అనగలం? ఈ కారులోనైనా..." అని, ఆవిడ కొత్త కారు ఎడమ తలుపు వంక చూసింది. వడ్డించిన విస్తరి ముందు నుంచి లాగేస్తారేమోనన్నట్టు చూసింది.

శాస్త్రిగారు మజ్జిగ తాగలేకపోయారు. పాతికేళ్ళలో ఆయన ఎన్నో పెళ్ళిళ్ళు చేశారు. కన్యాదానం చేసే తల్లి చేతిలో నీళ్ళచెంబు ఎలా వణుకుతుందో ఆయనకి తెలుసు. ఆ చెంబు ఈవిడ చేతికి రాకుండా చేసింది దేవుడు కాదు, ఆముదంలో కాచిన తన గుగ్గిలం. ఆయనకి మొదట సిగ్గేసింది. వెంటనే తన మీద తనకి ఒళ్ళు మండింది.

గ్లాసు పక్కన పెట్టి, "శివరామయ్యగారూ!" అని కేకేశారు. జనం ఇటు తిరిగారు. "ఆ తలుపు స్వామి కట్టలేదు. అందులో ఉన్నది గుగ్గిలం. బొట్టు వానకి పోకుండా నేనే కలిపాను. అది హ్యాండిలులో దిగి గడ్డకట్టింది. మహిమ కాదు, నా తెలివితక్కువ."

శివరామయ్య కళ్ళు చెమర్చాయి.

"చూశారా! అంతటి మనిషికి ఎంత వినయమో!" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు.

"వినయం కాదండీ బాబూ! నా కారు తలుపు కూడా బిగుసుకుపోయింది. నిన్న బాపట్లలో బాగుచేయించుకొచ్చాను!"

"మా కోసం ఎంత తగ్గించుకుంటున్నారో!" అంది వెనక నుంచి ఒక ముసలావిడ.

పేరు అనేది ఎంత మొండిదో శాస్త్రిగారికి అప్పుడు తెలిసింది. కూడబెట్టడానికి పాతికేళ్ళు పట్టింది, పోగొట్టుకుందామంటే పోదే! ఇక మాటలతో లాభం లేదని, ఆయన కండువా నడుముకి బిగించి, పాత కారు దగ్గరికి నడిచి, డ్రైవరు వైపు తలుపు తీశారు. పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగగట్టారు. ఏ దృశ్యం రేపల్లె కంట పడకూడదని బాపట్ల దాకా వెళ్ళారో ఆ దృశ్యాన్ని నలభైమంది ముందు, పట్టపగలు, చేసి చూపించారు. తల లోపలికి, వెనకభాగం జనం వైపుకి. గేరు రాడ్డుకి పంచె చిక్కుకుంది. హారను మోగింది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఎరువుల వాసనలో దగ్గుకుంటూ, ఎడమ తలుపు లోపలి గడియ అందుకుని లాగారు.

టక్కున తలుపు తెరుచుకుంది.

శివరామయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అంకమ్మ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, తెరిచిన తలుపు అంచు పట్టుకుని చూసింది. లోపల సీటు మీద ఆరేళ్ళ దుమ్ముంది.

"ఇంతేనా?" అంది. మొగుడి వైపు తిరిగింది. "ఇంతేనాండీ?"

శాస్త్రిగారు సీటు మీద మోకాళ్ళ మీద నిలబడి, గేరు రాడ్డుకి చిక్కి చిరిగిన పంచె సంగతి వదిలేసి, రెండు చేతులూ జోడించారు. "తప్పు నాదమ్మా," అన్నారు.

అంకమ్మ ఆయన్ని దిగనిచ్చి, కొంగుతో దుమ్ము దులిపి, మెల్లగా ఒరిగి కూర్చుంది. వంగని కాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది. తలుపు వేసింది. లోపలి గడియ లాగి తెరిచింది. మళ్ళీ వేసింది. మళ్ళీ తెరిచింది.

"ఏవండీ, రండి," అంది. "పిట్టలవానిపాలెం వెళ్దాం. పిల్లని చూసి వద్దాం."

"ఇప్పుడా? ముహూర్తం దాటిపోద్ది!" అన్నాడు శివరామయ్య. "కొత్త కారు ఉందిగా, పూజయ్యాక అందులో..."

"నాకు ఇందులోనే వెళ్ళాలనుంది."

శివరామయ్య దిక్కుతోచక శాస్త్రిగారి మొహం చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ముహూర్తాన్ని కూడా దాటనివ్వని మనిషి శాస్త్రిగారు. ఆయన గడియారం చూసుకున్నారు. తొమ్మిదీ ఇరవై ఎనిమిది.

"దాటనివ్వండి," అన్నారు.

శివరామయ్య మెల్లగా వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెళ్ళాం పక్కన కూర్చుంటే చేతులెక్కడ పెట్టాలో తెలియని కొత్త పెళ్ళికొడుకులా తడబడ్డాడు. కారు స్టార్టయింది. గేటు దగ్గరికి వెళ్ళాక ఆగింది. అంకమ్మ అద్దం దించి తల బయట పెట్టింది.

"శాస్త్రిగారూ, భోజనం చెయ్యకుండా వెళ్ళారంటే ఊరుకోను. సాయంత్రం మేమొచ్చాక కొత్తదానికి బొట్టు పెడుదురుగాని. మీ చేత్తోనే పెట్టాలి, ఇంకెవరూ వద్దు." కారు కదిలాక మళ్ళీ కేకేసింది. "బానెట్టు మీదేనండోయ్! తలుపుల జోలికి మాత్రం రాకండి!"

జనం గొల్లున నవ్వారు. శాస్త్రిగారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు బయటికి రావాలో తేల్చుకోలేక, చిరిగిన పట్టుపంచెతో ఆ పందిట్లో అలాగే నిలబడిపోయారు.